నాలుగో పిలుపు

కోర్టులో ఏ ఉద్యోగి తప్పు చేసినా గోడలోని యంత్రమే కనిపెట్టి మెమో ఇచ్చే రోజులు వచ్చాయి. సంజాయిషీ కూడా అదే రాసిపెట్టేది. ఉద్యోగి వేలిముద్ర వేస్తే చాలు.

కక్షిదారులను పిలిచే బంట్రోతు వరహాలమ్మకు ఆ ఉదయం మెమో వచ్చింది. ఎవరినైనా మూడుసార్లే పిలవాలన్నది నియమం. మెట్ల మీద ఆయాసపడుతున్న ఒక ముసలమ్మ కోసం ఆమె నాలుగోసారి కేకేసింది.

"'కక్షిదారుతో కుమ్మక్కై పిలిచాను, క్షమించండి' అని సంజాయిషీలో రాసుందేంటి సారూ?" వరహాలమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఆవిడెవరో నాకు తెలీనే తెలీదు!"

"వేలు పెట్టెయ్యమ్మా, మందలింపుతో పోతుంది. లేదంటే ఉద్యోగమే ఊడుతుంది," అన్నాడు సూపరింటెండెంటు దక్షిణామూర్తి, తెర మీంచి కళ్లెత్తకుండా.

"నేరం మోపేదీ అదే, ఒప్పుకునేదీ అదేనా? మధ్యలో నా వేలెందుకు? దాని వేలే పెట్టుకోమనండి!"

ఆమె బల్ల మీది కాగితం లాక్కుని చేత్తో రాసింది: 'ఆవిడ రాకపోతే కేసు కొట్టేస్తారని నాలుగోసారి పిలిచాను. ఆవిడ వచ్చింది. నేను తప్పు చెయ్యలేదు.'

"చేతిరాత యంత్రం తీసుకోదమ్మా. ఎవరు చదువుతారిది?"

"మీరు చదవండి. నన్ను తీసెయ్యాలనిపిస్తే ఆ మాట మీ చేత్తో రాసి, కింద మీ పేరు పెట్టండి."

దక్షిణామూర్తి కలం మూత తీశాడు. వరహాలమ్మ ఎదురుగా నిలబడి చూస్తుంటే, ఆయన చెయ్యి కాగితం దాకా రాలేదు.