తలెత్తకుండా అన్న మాట

నవంబరు పదకొండు, బుధవారం, ఉదయం పది గంటలు. నిచ్చెనలు తయారుచేసే కర్మాగారంలో, మొదటి అంతస్తులోని సమావేశపు గది. హాజరైనవారు: ఉత్పత్తి మేనేజరు, కొనుగోళ్ల అధికారి, స్టోర్స్ ఇన్‌ఛార్జి, సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారిణి, మరో ఎనిమిది మంది విభాగాధిపతులు. బయటినుంచి వచ్చినది ఒక్కరే. వృత్తి నైతికత మీద ఒక పూట తరగతి చెప్పడానికి చైర్మన్ పిలిపించిన శిక్షకురాలు.

మేనేజరు మనసు తరగతిలో లేదు. కింద, అతని బల్లమీద ఒక ఉత్తర్వు సంతకం కోసం ఎదురుచూస్తోంది. నాణ్యత పరీక్షలు చేసే అమ్మాయిని ఉద్యోగంలోంచి తొలగించే ఉత్తర్వు. గత నెలలో ఒక పెయింటరు ఇక్కడ తయారైన నిచ్చెన మీదినుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. మెట్టును పట్టి ఉంచే రివెట్టు ఊడిందని తేలింది. లోపాన్ని సకాలంలో పైవారి దృష్టికి తేలేదన్నది ఆ అమ్మాయి మీద అభియోగం. సాయంత్రం ఐదులోగా సంతకం పడాలి.

శిక్షకురాలు తలా ఒక కాగితం పంచింది. అందులో ఉన్నది అరపేజీయే. తానే పైకి చదివింది.

"ఒక కర్మాగారం. కింది ఉద్యోగి ఒకరు ఒక లోపాన్ని కనిపెట్టారు. కాగితం మీద రాసి పై అధికారి దగ్గరికి తీసుకువెళ్లారు. ఆయన తలెత్తలేదు. 'చూద్దాం' అన్నాడు. ఆ తరువాత ఒక మనిషికి దెబ్బ తగిలింది. నింద కింది ఉద్యోగి మీద పడింది. అధికారి నోరు విప్పలేదు. తప్పెవరిది?"

మేనేజరు చేతిలో కలం ఆగిపోయింది.

జూన్ పన్నెండు. కొత్త రివెట్లు వచ్చిన వారం. ముప్ఫై నిచ్చెనలు పరీక్షిస్తే నాలుగింటికి మెట్లు కదులుతున్నాయని రాసుకుని ఆ అమ్మాయి అతని గదికి వచ్చింది. అతను సరుకు పంపే పత్రాల మీద సంతకాలు పెడుతున్నాడు. తలెత్తలేదు. అన్నది ఆ ఒక్క మాటే. ఆమె వెళ్లాక కాగితం చదివాడు. సొరుగులో పడేశాడు. విచారణలో మాత్రం తనకేమీ గుర్తులేదన్నాడు.

"ఏ వస్తువో చెప్పకపోతే ఎలా మేడమ్?" అన్నాడు స్టోర్స్ ఇన్‌ఛార్జి.

"ఏదైతే ఏం లెండి."

"అయినా చూద్దాం అంటే తప్పేముందండీ? మా ఆవిడ ఏదడిగినా నేననేది అదే."

"ఆవిడేమంటారు?"

"చూశాంలే, అంటుంది."

నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. కొనుగోళ్ల అధికారి కాగితాన్ని బోర్లించి కళ్లజోడు తుడుచుకోసాగాడు. సిబ్బంది అధికారిణి కిటికీవైపు తిరిగింది. ఒక్కరూ మేనేజరు వంక చూడలేదు. అందరికీ తెలిసిపోయిందన్నమాట, అనుకున్నాడతను.

"మీరేమంటారు?" శిక్షకురాలు అతన్నే అడిగింది.

"వివరాలు చాలవు," అన్నాడు.

"ఇంకేం వివరాలు కావాలి?"

అతను కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

భోజన విరామానికి గది ఖాళీ అయింది. అతను మాత్రం శిక్షకురాలి బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇది మీకు ఆ అమ్మాయే చెప్పింది కదూ?"

"ఏ అమ్మాయి?"

"ఇంకా దాపరికాలెందుకు మేడమ్. నేను తలెత్తలేదన్న సంగతి మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలీదు."

ఆమె అవుననలేదు, కాదనలేదు. కుర్చీ చూపించింది.

అతను కూర్చున్నాడు. అంతా చెప్పాడు. "విచారణలో నేను గుర్తులేదన్నాను చూడండి, తనేమందో తెలుసా? పోనీలెండి సార్, పనుల్లో మరిచిపోయుంటారు, అంది. నాలుగు తిట్టినా బాగుండేది." గడియారం చూసుకున్నాడు. "ఐదింటికి సంతకం పెట్టాలి."

"అయితే అప్పటిదాకా చూద్దామంటారా?"

అతను లేచి కిందికి వెళ్లాడు. సొరుగు అడుగునుంచి ఆ కాగితం పట్టుకొచ్చాడు. ఆమె ఎదుటనే దాని వెనకవైపు రాశాడు.

'ఈ కాగితం జూన్ పన్నెండున నాకు అందినది. చదివాను. చూద్దామన్నాను. చూడలేదు. విచారణలో గుర్తులేదని నేను చెప్పినది అబద్ధం. ఆ అమ్మాయి తప్పేమీ లేదు.'

తేదీ వేసి సంతకం పెట్టాడు. నాలుగు మడతలు పెట్టి ఆమెకు అందించాడు.

"చైర్మన్‌గారికి మీరే ఇవ్వండి. నా చేతిలో ఉంటే మళ్లీ సొరుగులోకే పోతుంది. మీతో చెప్పి మంచిపని చేసిందని ఆ అమ్మాయితో అనండి."

"ఆమెతో మీరే మాట్లాడండి," అంది శిక్షకురాలు.

అతను తలవంచుకుని మెట్లు దిగిపోయాడు. ఆమె ఆ మడతను కవరులో పెట్టి, అంటించి, సంచిలో భద్రపరిచింది.

తలెత్తేసరికి గుమ్మంలో కొనుగోళ్ల అధికారి నిలబడి ఉన్నాడు. చేతిలో ఆమె పంచిన కాగితం నలిగిపోయి ఉంది.

"మా గుమాస్తాయే కదూ, మేడమ్, మీకిది చెప్పింది?"

ఆరేళ్ల కిందట, ఏ కర్మాగారం గడపా తొక్కకముందే, ఆ అరపేజీని కేవలం తన ఊహలోంచి అల్లుకున్న శిక్షకురాలు అతనితోనూ అవుననలేదు, కాదనలేదు. కుర్చీ చూపించి ఒక తెల్లకాగితం ముందుకు జరిపింది.