జింకల పెంటికలు

"నీ జింకల పెంటికల నిండా పురుగుల గుడ్లే!" పశువుల డాక్టరమ్మ రిపోర్టు కాగితాన్ని బల్లమీద విసిరికొట్టింది. "ఆవరణ మూసెయ్. ఇక జింకల్ని చూడ్డానికొచ్చే ఒక్క పిల్లని లోపలికి రానిచ్చావో, నీ ఉద్యోగం ఊడినట్టే."

జింకల కాపరికి ఒళ్లు మండిపోయింది. జింకలు నెలరోజులుగా పారుకుంటుంటే, పరీక్షలో దొరికిపోతానని, అతను పరీక్షకిచ్చే డబ్బాలో ఇంటి మేక పెంటికలు నింపి ఇచ్చాడు. ఈవిడ చూడకుండానే రాసి పారేసిందన్నమాట!

"అబద్ధం! మీరసలు పరీక్షే చెయ్యలేదు."

"నోరు మూసుకుని చూడు."

మైక్రోస్కోపులోకి వంగాడు. కోలగా, బియ్యపు గింజల్లా, లెక్కలేనన్ని గుడ్లు.

"ఇప్పుడేమంటావ్? జింకలు తిరిగిన చోట మేత ఏ పశువు తిన్నా దానికీ అంటుకుంటుంది. ఆ మేత పట్టుకున్న చేతులు నోట్లో పెట్టుకుంటే మనుషులకీ అంతే."

జింకలు తొక్కి వదిలేసిన మేతను రోజూ మోపుకట్టి ఇంటికి మోసుకెళ్లేది తనే.





"ఆ పెంటికలు మా మేకవమ్మా," అన్నాడు. "దానికి మేత తినిపించేది మా మూడేళ్ల మనవరాలు."