మిగిలిన ఒక్క ఓటు

మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మూడు వందల ఎనభై ఆరు ఓట్లలో మూడు వందల ఎనభై ఐదు పడిపోయాయి.

ప్రిసైడింగ్ ఆఫీసరు నాగేశ్‌కు నమ్మబుద్ధి కాలేదు. అతను చింతామణిలో హైస్కూలు మేష్ట్రు. ఓటు వెయ్యనివాళ్ళకు జరిమానా పెట్టాలని స్టాఫ్ రూములో ఎప్పుడూ వాదిస్తుంటాడు. 2008 కర్ణాటక అసెంబ్లీ ఎన్నికలకు బాగేపల్లి అవతల ఈ మారుమూల ఊళ్ళో డ్యూటీ పడినప్పుడు, సగం మంది వస్తే గొప్పే అనుకున్నాడు.

ఇదంతా ఊరిపెద్ద వెంకటరాయప్ప పని. తెల్లవారినప్పటినుంచి ఇంటింటికీ మనుషుల్ని పంపాడు. మంచం పట్టిన ముసలివాళ్ళను కూడా జీపులో తెప్పించాడు. ఎవరికి వెయ్యాలో మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. నాగేశ్‌కు అది మరీ నచ్చింది.

"ఇంకొక్కటే ఉండాది సార్," అన్నాడు వెంకటరాయప్ప బడి గేటు దగ్గర. "హనుమక్క కొడుకు లోకేశ్. బెంగళూర్లో యాడో పని చేస్తాండాడు. వాడొచ్చి ఏస్తే నూటికి నూరు."

వెంకటరాయప్ప హనుమక్కను పిలిపించాడు. ఆమె చెప్పులు దూరంగా వదిలి, ఎండలోనే నిలబడింది.

"కొడుకుని రమ్మను."

"వాడు యాడుండాడో నాకు తెలీదప్పా."

"ఓటెయ్యకుంటే నీ పింఛను నిలిచిపోతాది."

"నిలిస్తే నిలవనీ అప్పా."

"నువ్వుండే ఇల్లు ఎవురి జాగాలో ఉండాది?"

ఆమె చెంగు ముడిని పిడికిట్లో బిగించింది.

నాగేశ్‌కు మనసొప్పలేదు. జరిమానా వేరు, ఇది వేరు. అయినా ఆ ఒక్క ఓటూ పడితే బాగుండునని అతనికీ ఉంది. ఆమెను వరండా చివరికి తీసుకెళ్ళాడు.

"భయపడద్దమ్మా. నెంబరుంటే ఇయ్యి. నేను మెల్లగా అడుగుతా. ఇష్టముంటేనే వస్తాడు."

హనుమక్క అతని మొహంలోకి చూసింది. చెంగు ముడి విప్పి నలిగిన కాగితం ముక్క తీసింది.

"వాళ్ళ ఇంటి ఓనరుది సార్. ఆయప్పకు మాత్రం చూపియ్యద్దండి."

లోకేశ్ ఫోన్లోకి రావడానికి ఐదు నిమిషాలు పట్టింది. నాగేశ్ సంగతంతా చెప్పాడు.

"మీ అమ్మకు నిలువ నీడ లేకుండా పోతాదేమో లోకేశ్. ఒక్క పూట పని. పైగా ఇది నీ హక్కు."

"పోలీసులుండారా సార్?"

"ఇద్దరుండారు."

"మీరు ఆడే ఉంటారా?"

"నేను యాడికి పోతా?"

నాలుగూ ముప్పావుకు, తలకు తువాలు చుట్టుకున్న కుర్రవాడొకడు గోడవారగా నడిచి వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. సిరా పెట్టడానికి పట్టుకుంటే, అంత ఎండలోనూ వేలు చల్లగా తగిలింది. మిషను బీప్ మంది.

బయట చప్పట్లు కొట్టారు. వెంకటరాయప్ప లోకేశ్ భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"మా మాట నిలబెట్టినావు. పద, ఇప్పుడు బస్సు లేదు. బాగేపల్లి దాకా నేను దింపుతా."

జీపులో అప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు.

"అమ్మను చూసి పోతానప్పా."

"దావలోనే గదా, చూద్దువులే."

లోకేశ్ కదల్లేదు. వెనక్కి తిరిగి నాగేశ్ వైపు చూశాడు. నాగేశ్ ముందు లక్క, సీళ్ళు, నింపాల్సిన ఫారాలు కుప్పగా ఉన్నాయి. ఇద్దరు పోలీసులూ మిషను పక్కనే కాపలా ఉన్నారు.

"పోయిరా లోకేశ్," అన్నాడు నాగేశ్ నవ్వుతూ. "పెద్దాయన అంత ఇదిగా పిలుస్తాండాడు."

లోకేశ్‌ను ఎక్కించుకున్న జీపు బాగేపల్లి రోడ్డు ఎక్కకుండా గుట్టలవైపు తిరిగింది. అడ్డదారేమో అనుకున్నాడు నాగేశ్. దాని వెనకాల హనుమక్క వట్టి కాళ్ళతో పరుగెత్తుతోంది. కొడుకు ఒక్క రాత్రైనా ఇంట్లో ఉండలేదని బాధ కాబోలు.

ఐదయింది. మిషను మూసి సీలు వేశాడు. పోలైన ఓట్లు అన్నచోట 386 అని గుండ్రంగా రాశాడు. పదేళ్ళ సర్వీసులో ఇలాంటి అంకె ఎప్పుడూ రాయలేదు.

ఫోను మోగింది. మధ్యాహ్నం తను చేసిన నెంబరే.

"సార్, నేను లోకేశ్ భార్యను, అర్పితను." ఆడపిల్ల గొంతు. రొప్పుతోంది. "వద్దంటే ఇనకుండా వచ్చేసినాడు. ఆయన్ని మీ దగ్గర్నే పెట్టుకోండి సార్. పోలీసులతోనే బస్సెక్కించండి."

"ఎందుకమ్మా, ఊరిపెద్దే జీపులో తీసుకొని పోయినాడు. వెంకటరాయప్ప."

నాగేశ్ ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, తర్వాతి ఫారం ముందుకు లాక్కున్నాడు.

"మా పెండ్లయినప్పట్నుంచి మా కోసరం ఎతుకుతాండేది ఆయప్పే సార్, మా నాయన."