మోకాలి లోతు హద్దు

ఆ పూట అతని చేతిలో ఉన్నవి ఇరవై రెండేళ్ల వ్యాపారం, రెండు అట్టపెట్టెల ఎండటోపీలు, సంచీలో ఒక దరఖాస్తు రసీదు, జేబులో ఒకే ఒక సిగరెట్టు.

అందరూ అతన్ని టోపీలాయన అంటారు. "టోపీలు అమ్మడమే గాని ఒక్కడికీ టోపీ పెట్టలేదు" అని తనే చెప్పుకుని తనే నవ్వుతుంటాడు. ఇవాళ ఆ నవ్వు లేదు. ఉన్న కొట్టు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. బీచిలో కొత్తగా కట్టిన వరసలో ఒక దుకాణం దక్కిందా, బతికిపోతాడు. దక్కలేదా, పెట్టెలు నెత్తిన పెట్టుకుని ఇంటికి పోవడమే. నాలుగింటికి ఆఫీసులో పేర్లు చదువుతారు.

దరఖాస్తు వెనక చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. బీచిలో పొగతాగి పట్టుబడినవాడి పేరు జాబితాలోంచి కొట్టేస్తారు.

ఆ షరతు తలుచుకున్నకొద్దీ భయం. భయం వేసినకొద్దీ చెయ్యి జేబులోకే పోతోంది.

ఉపాయం చెప్పింది బావమరిది. బీచిలో ఫొటోలు తీస్తుంటాడు. తెలియని విషయం ఒక్కటి కూడా లేనట్టు మాట్లాడతాడు.

"బావా, ఇసుక వరకే బీచి ఆఫీసువాళ్ళ రాజ్యం. నీళ్ళు రేవు ఆఫీసువి. మోకాలి లోతులో నిలబడి దర్జాగా కాల్చుకో. జరిమానా చీటీ రాసేవాడు ఒడ్డున నిలబడి చూడాల్సిందే."

"నిజమేనా?"

"అక్క మీద ఒట్టు."

"మధ్యలో మా ఆవిణ్ణి లాగుతావేంరా, నీ మీద వేసుకో."

బావమరిది వేసుకోలేదు. ఎవరో ఫొటో కోసం పిలిస్తే వెళ్ళిపోయాడు.

టోపీలాయన బీచి చివరిదాకా నడిచాడు. రాళ్ళ గుట్ట పక్కన నరమానవుడు లేడు. పెట్టెలు, సంచీ రాళ్ళ మీద పెట్టి, ప్యాంటు మడిచి, మోకాలి లోతుకి దిగి, అరచెయ్యి అడ్డం పెట్టి వెలిగించాడు. రెండో దమ్ము లోపలికి పోకముందే ఈల మోగింది.

ఒడ్డు మీద ఒకడు పరిగెత్తుకొస్తున్నాడు. ఎర్ర చొక్కా, మెడలో ఈల.

టోపీలాయన సిగరెట్టున్న చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"ఏమండీ, బయటికి రండి. ముందు బయటికి రండి."

"నీళ్ళలో ఉన్నాను తమ్ముడూ. ఇది నీ హద్దు కాదు."

గాలికి ఆ మాటలు అతన్ని చేరినట్టు లేవు. మళ్ళీ ఈల. రెండు చేతులూ ఊపుతున్నాడు. "ఇటు రమ్మంటుంటే వినపడ్డంలేదా?"

ఇంత వెతికి వెంటబడ్డవాడు ఊరికే వదులుతాడా? ఒడ్డెక్కితే దుకాణం పోయినట్టే. టోపీలాయన చప్పున లెక్క వేసుకున్నాడు. మోకాలి లోతు చాలకపోతే నడుం లోతు. రెండడుగులు వెనక్కి వేశాడు. ఈల ఇంకా గట్టిగా మోగింది. ఇంకో నాలుగడుగులు వేశాడు. చేతిలో సాక్ష్యం ఎందుకని సిగరెట్టు ముక్క ఆర్పి నోట్లో వేసుకుని నమిలేశాడు. ఆ చేదుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"చూడు, నా దగ్గరేం లేదు" అని ఖాళీ చెయ్యి పైకెత్తి ఊపాడు.

అంతే. ఎర్ర చొక్కా నీళ్ళలోకి దూకాడు.

ఒక్క దమ్ముకి ఇంత పట్టుదలా? టోపీలాయన బెదిరి ఇంకో అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగుకి కింద ఇసుక తగల్లేదు. ఎవరో రెండు కాళ్ళూ పట్టుకుని లాగినట్టయింది. అరుద్దామని నోరు తెరిస్తే ఉప్పునీళ్ళు నిండాయి. పైకి వచ్చి చూస్తే రాళ్ళ గుట్ట అరచేతంత ఉంది. ఇంకోసారి వచ్చి చూస్తే అసలు కనపడలేదు. ఈత రాదు. దుకాణం మాట ఎటుపోయిందో పోయింది. పొద్దున బయల్దేరుతుంటే మంచినీళ్ళిచ్చిన పెళ్ళాం చెయ్యి ఒక్కటే కళ్ళ ముందు మిగిలింది.

వెనకనుంచి ఒక చెయ్యి గడ్డం కింద పడింది.

"దొరికిపోయానుగా, వదిలెయ్" అని గింజుకున్నాడు.

"గింజుకోకండి. వెనక్కి వాలండి. నోరు మూసుకుని చెప్పింది చెయ్యండి."

ఎంతసేపు లాక్కొచ్చాడో తెలీదు. ఇసుక మీద బోర్లా పడి కడుపులో నీళ్ళన్నీ కక్కాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఊపిరి కుదుటపడ్డ మరుక్షణం పాత భయం తిరిగొచ్చి గుండెల మీద కూర్చుంది. ఎర్ర చొక్కా పక్కనే చతికిలబడి రొప్పుతూ, ఒడ్డున వదిలేసి దూకిన సంచీలోంచి పొడుగాటి పుస్తకం తీశాడు.

"పేరు చెప్పండి."

బావమరిది పేరు నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి తన పేరే చెప్పాడు. అబద్ధం చెప్పడానికి కూడా ఒంట్లో శక్తి లేదు.

"అందులో ఎక్కించకు తమ్ముడూ. నీకు దణ్ణం పెడతాను. నాలుగింటికి నా బతుకు తేలిపోతుంది."

"ఎక్కించకపోతే నా ఉద్యోగం పోతుందండీ. సాయంత్రం పెద్దాఫీసరు చూస్తాడు."

"ఎవరు చూడొచ్చారు? ఇక్కడ మనిద్దరమేగా."

"అందుకే మీ సంతకం కావాలి. లేకపోతే నేనే కల్పించి రాశానంటారు." రాయడం ముగించి పుస్తకం అతని ఒళ్ళో పెట్టాడు.

కలం అందుకున్నాడు. ఇరవై రెండేళ్లలో చదవకుండా ఎక్కడా సంతకం పెట్టిన మనిషి కాదు.

కళ్ళలో ఉప్పు తుడుచుకుని ఒక్కో గడి మీదా వేలు పెట్టి చదివితే, జరిమానా అన్న గడి ఆ పేజీలో లేనే లేదు, ఉన్నవల్లా మునిగిన మనిషి పేరు, వేళ, ఎంత లోతులోంచి లాగిందీ, మనిషి ఏమయ్యాడన్నదీ, ఆ చివరి గడిలో తన పేరుకి ఎదురుగా ఒకే ఒక్క మాట, దక్కాడు.