చొక్కా మీద అక్క

"లే బావా! ఫొటోలు తీసేవాళ్లు ఇటు రారు."

మెకానిక్ షెడ్డు ముందు, పాత టైరు మీద కూలబడ్డాడు బావ. గుండెజబ్బు రోగుల సాయం కోసం పెట్టిన మారథాన్‌లో, పోయిన అక్క బొమ్మను చొక్కా మీద అచ్చేయించుకుని మరీ పరుగెత్తుతూ వచ్చాడు. ఆ వేషం చూసి మెకానిక్ చేతిలోని పానా విసిరికొట్టాడు. అక్క ఆయాసంతో చతికిలబడితే "పని ఎగ్గొట్టే నాటకాలు" అన్న నోరది. ఆసుపత్రికి తీసుకెళ్తానని తను వస్తే గుమ్మంలోంచే తరిమేసిన చెయ్యది.

"ఒరేయ్... ఊపిరాడట్లేదురా."

"అక్క కూడా ఇదే అంది. నువ్వేమన్నావో గుర్తుందా?"

బావ ఎడమ భుజాన్ని గట్టిగా పట్టుకున్నాడు. పెదాలు నల్లబడుతున్నాయి.

ఇన్నేళ్లూ నాలుక చివర దాచుకున్న ఆ 'నాటకాలు' అన్న మాటను మొహాన కొట్టడానికి నోరు తెరిచాడు మెకానిక్. చెమటకు తడిసి బావ ఛాతీకి అతుక్కుపోయిన అక్క మొహం కళ్లబడింది. ప్రతి శ్వాసకీ ఎగసి పడుతోంది. ఆఖరి రోజున అచ్చం ఇలాగే.

"ఛీ!" అంటూ గ్రీజు చేతులతోనే బావను ఎత్తి, రిపేరుకొచ్చిన కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు.

"ఎక్కడికిరా?"

"ఆసుపత్రికి. నోర్మూసుకుని పడుకో. తీసుకెళ్తున్నది నిన్ను కాదు."