జాలి బేరం

"నాను సచ్చిపోనానని ఊరందరికీ సెప్పినావేటే?"

గజపతినగరం బస్సు స్టాండు పక్కన, తన పాక హోటలు వెనకాల గిన్నెలు తోముతున్న అసిరమ్మ ఉలిక్కిపడి తలెత్తింది. ఎదురుగా లక్ష్ముడు. తాళి కట్టిన మొగుడు. ఒక్క మాటైనా చెప్పకుండా కలకత్తా జూటు మిల్లుకి పారిపోయిన మనిషి, ఇన్నేళ్ళకి మళ్ళీ కనిపించాడు. ఆమె బోసి నుదురూ, బోసి మెడా చూస్తూ నిలబడ్డాడు.

"గట్టిగా మాటాడకు," అంది అసిరమ్మ. "లోపల జనం ఉన్నారు."

"ఆళ్ళే సెప్పినారు. వాంతులై నీ ఒళ్ళోనే పేణం ఒగ్గీసినానంట. పాపం అసిరమ్మ అంట! ఏటిది?"

"ఏటి సెయ్యమన్నావు మరి? మొగుడొగ్గేసిన దాని కాడికి ఆడోళ్ళు రారు. మొగోళ్ళొచ్చినా టీ కోసం రారు. పొద్దున్న వండిన ఇడ్లీలు మాపటికి గేదె కుడితిలో పోసీదాన్ని."

ఉపాయం టీ పొడి కంపెనీ ఏజెంటు జగన్నాధానిది. విజయనగరం నుంచి పొట్లాలు వెయ్యడానికి వచ్చినప్పుడల్లా ఆయన ఆమెకి వ్యాపారం నేర్పేవాడు. తల వంచుకోకుండా మొహంలోకి చూసి మాట్లాడమన్నాడు. వచ్చినవాణ్ణి పేరు పెట్టి పిలవమన్నాడు, వాడి ఆవు ఈనిందో లేదో అడగమన్నాడు. ఇవన్నీ చేసినా బల్లలు నిండలేదు. అప్పుడు చెప్పాడు అసలు కిటుకు.

"జనం సరుకు చూసి కొనరమ్మా, అమ్మే మనిషిని చూసి కొంటారు. మొగుడు వదిలేశాడంటే ఏం తప్పు చేసిందో అంటారు. మొగుడు పోయాడంటే అయ్యో అంటారు. ఆ అయ్యోనే నీ పెట్టుబడి."

అసిరమ్మ ఎక్కడో శ్రీముఖలింగం అవతల నుంచి ఒంటరిగా వచ్చిన మనిషి. లక్ష్ముడి మొహం ఎరిగినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. కొన్నాళ్ళు సొంతూరు వెళ్ళొచ్చి, మొగుడు జబ్బుతో అక్కడికి తిరిగొచ్చి పోయాడని చెప్పింది. బొట్టు చెరుపుకున్న రోజు తలుపేసుకుని ఏడ్చింది. ఆ తరవాత ఏడవడానికి తీరిక లేకపోయింది.

లక్ష్ముడు తడిక సందులోంచి లోపలికి తొంగిచూశాడు. బల్లలన్నీ నిండుగా ఉన్నాయి. అతని గొంతు మెత్తబడింది.

"సరే. నాను లక్ష్ముణ్ణి కాను. ఆడి అన్న రాముణ్ణి. తమ్ముడు పోనాడని తెలిసి వచ్చినాను. సాలా?"

"ఎన్నాళ్ళిలాగ?"

"కొన్నాళ్ళు పోనీ. ఇప్పుడు నిజం సెప్తే నీ హోటలు గడప తొక్కుతారేటి?"

అసిరమ్మ అతనికో గ్లాసు టీ తెచ్చిచ్చింది. మనిషి తిరిగొచ్చాడు, అంతే చాలనుకుంది.

లక్ష్ముడు గల్లా పెట్టె దగ్గర కూర్చున్నాడు. తమ్ముడి మాట వస్తే తుండుతో కళ్ళు ఒత్తుకునేవాడు. బేరం ఇంకా పెరిగింది.

ఒక సంతరోజు రైతు జోగయ్య టీ గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. మంచి పల్లపు భూమి ఉన్నవాడు, మగపిల్లలు లేరు, నీలవేణి ఒక్కతే కూతురు.

"అసిరమ్మా, మీ బావకి పెళ్ళాం పిల్లలూ ఉన్నారేటి?"

బల్లల మీద జనం చెవులు ఇటు వేశారు. అసిరమ్మ లక్ష్ముడి వైపు చూసింది.

"పెళ్ళాం ఉన్నాది," అంది.

"ఉండీది," అన్నాడు లక్ష్ముడు గల్లా పెట్టె దగ్గర్నుంచి. "పోనాది మావా. అదీ వాంతులతోనే." తుండు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు.

జనం వెళ్ళాక అసిరమ్మ అతని చొక్కా పట్టుకుంది. "నన్ను సంపీసినావేటి?"

"నువ్వు నన్ను సంపలేదా?" చేతులు విడిపించుకున్నాడు. "జోగయ్య ఇల్లరికం అంటన్నాడు. భూమంతా ఆ గుంట నీలవేణిదే. నీ హోటలు నీకుంది కదా, ఇంకేటి?"

ఆ వారం జగన్నాధం వచ్చినప్పుడు ఆమె అంతా చెప్పింది. "నువ్వొచ్చి నిజం సెప్పు బాబూ. నీ మాటయితే నమ్ముతారు."

జగన్నాధం గబుక్కున సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "నా పేరు ఎక్కడా ఎత్తకమ్మా, కంపెనీ ఉద్యోగం. నోరు మూసుకుంటే నీకు హోటలైనా మిగులుతుంది. అబద్ధం చెప్పి అమ్మావని తెలిస్తే నీ చేతి మంచినీళ్ళు కూడా ముట్టరు." ఆ తరవాత ఆయన ఆ దారిన రాలేదు.

పెళ్ళిరోజు అసిరమ్మ హోటలు తెరవలేదు. పొయ్యి ముందు కూర్చుని మధ్యాహ్నం దాకా ఆలోచించింది. పోతే హోటలే పోనీ అనుకుని లేచింది.

జోగయ్య వాకిట్లో పందిరి, సన్నాయి, కిక్కిరిసిన జనం. అందరూ ఆమె చేతి టీ తాగినవాళ్ళే. పీటల మీద తల వంచుకుని నీలవేణి. పంతులు తాళి అందిస్తున్నాడు. అసిరమ్మ జనాన్ని తోసుకుంటూ పందిట్లోకి వెళ్ళింది.

"ఆపండి! ఈడు రాముడు కాడు, లక్ష్ముడు. నా మొగుడు! సచ్చిపోనాడని నానే అబద్ధం సెప్పినాను!"

సన్నాయి ఆగిపోయింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. లక్ష్ముడు తల ఎత్తలేదు.

జోగయ్య భార్య తాయారు లేచి వచ్చింది. అసిరమ్మని రెండు చేతులా పొదివి పట్టుకుంది. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు.

"అయ్యో తల్లీ! అన్నని సూస్తే పోయినోడే కనపడతన్నాడేటే నీకు?" అని వెనక్కి తిరిగింది. "ఒరే, వాయించండ్రా! ఒసే, ముండమోసిన మనిషి, తాళి కట్టే వేళ ఎదురుగా ఉండకూడదు. బేగి దొడ్లోకి తీసుకెల్లి ఇంత అన్నమెట్టండే, పాపం!"