కారుకి కొన్న కవరు

పాలిష్ మనిషి మెత్తటి స్పాంజిని నల్ల బానెట్ మీద తేలిగ్గా తిప్పుతున్నాడు. కారు యజమాని ఫోన్‌లో మాట్లాడుతూ వీధి చివరిదాకా వెళ్లాడు. ఆయన భార్య మెట్ల మీద కూర్చుని చూస్తోంది.

"గట్టిగా నొక్కితే గీతలు తొందరగా పోవా?"

"పోతాయమ్మా. కానీ పాలపొరలా మసక మిగిలిపోతుంది. చివర్లో చెయ్యి తేలికవ్వాలి. అసలీ గుండ్రటి గీతలు మీ కవరు వల్లే. దుమ్ము కడక్కుండా కప్పేస్తున్నారు. గాలికి కదిలి రుద్దేస్తోంది."

ఆమె కవరు వైపు చూసింది. తన కుట్టుమిషన్‌ని తనకి మాటమాత్రం చెప్పకుండా అమ్మేసి ఆయన కొన్న కవరది. "మూల ఖాళీ అయింది, సంతోషించు" అన్నాడు ఆ రోజు. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

"మళ్లీ గీతలు పడితే?"

"ఇంక పాలిష్‌కి పైపూత మిగల్లేదమ్మా. రుద్దితే రంగే లేచిపోతుంది. దుమ్ము మీద కవరు కప్పొద్దని సార్‌కి మరీమరీ చెప్పండి."

"చెప్తాలెండి."

అతను సామాను సర్దుకుని వెళ్లాక భర్త వచ్చాడు. బానెట్‌లో మొహం చూసుకుని మీసం దువ్వుకున్నాడు.

"ఏమన్నా జాగ్రత్తలు చెప్పాడా?"

"కవరు కప్పడం ఒక్కరోజు కూడా మానొద్దన్నాడండీ," అంటూ ఆమె కవరుని మట్టిలోంచి ఈడ్చుకొచ్చింది.